కొత్త వార్డ్‌రోబ్ తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి, పాపను ఆ గదిలో పడుకోబెట్టొచ్చా?

ప్రశ్న: స్రవంతి, మియాపూర్

అందరికీ నమస్కారం. మాఘమాసంలో గృహప్రవేశం చేసుకుని కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం. పడకగదులకు వార్డ్‌రోబ్‌లు, అటకలు, వంటింట్లో మాడ్యులర్ కిచెన్, హాల్లో టీవీ యూనిట్, అన్నీ కలిపి ఒకే ఇంటీరియర్ వాళ్లకు అప్పజెప్పాం. మా పాపకు నాలుగేళ్లు. దాని గది చిన్నది, పది బై పదకొండు అడుగులు. ఒక గోడ మొత్తం వార్డ్‌రోబ్, దాని పైన అటక, కిటికీ పక్కన చదువుకునే బల్ల, కింద సొరుగులున్న మంచం.

వార్డ్‌రోబ్ తలుపు తీయగానే ముక్కులోకి ఘాటు కొడుతుంది, ఉల్లిపాయ తరిగినట్టు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వచ్చిన కొత్తలో ఇంత లేదు, ఎండలు ముదిరాక ఎక్కువైంది. మధ్యాహ్నం కిటికీలు మూసి ఏసీ వేసి పాపను పడుకోబెడితే, లేచేసరికి ముక్కు నలుపుకుంటూ పొడిదగ్గు దగ్గుతోంది. తణుకులో మా అమ్మ దగ్గరికి వెళ్లినన్నాళ్లూ దగ్గన్న మాటే లేదు. తిరిగొచ్చిన రాత్రే మళ్లీ మొదలైంది.

ఇంటీరియర్ వాళ్లను అడిగితే "కొత్త సామాను వాసన మేడమ్, నెలలో పోతుంది. మేం ఈ-1 బోర్డే వాడాం" అన్నారు. మావారు నెట్‌లో, బోర్డు జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుందని చదివి, క్యాన్సర్ వస్తుందట, మొత్తం పీకించేద్దాం అంటున్నారు. పెట్టిన డబ్బు అప్పు తెచ్చింది, పీకించడం మాటలు కాదు. నిజంగా ఎంత ప్రమాదం? గాలిని పరీక్ష చేయించాలా? ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: రామ్మోహన్, గుంటూరు

అమ్మా, కొత్త ఇల్లన్నాక వాసన ఉంటుంది, కంగారు పడకు. మా అబ్బాయి ఇంట్లోనూ ఇంతే. సొరుగుల్లో కర్పూరం బిళ్లలు, బొగ్గు ముక్కలు పెట్టించాం. స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ కుండీలు గదికి రెండు పెట్టు, విషవాయువులు పీల్చేస్తాయని నాసా వాళ్లే చెప్పారు. సాయంత్రం సాంబ్రాణి వెయ్యి, ఇల్లంతా శుభ్రపడుతుంది.

జవాబు: ప్రసన్న, విశాఖపట్నం

రామ్మోహన్ గారూ, మీరు అభిమానంతో చెప్పారు, కానీ ఆ గదిలో సాంబ్రాణి మాత్రం వద్దండి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, ఏది కాలినా ఆ పొగలో ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. దోమల కాయిళ్ల మీద 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 51 సిగరెట్లు కాల్చినంత ఫార్మాల్డిహైడ్ రావచ్చని తేలింది. స్రవంతి గారూ, మీ పాప గదిలో రాత్రిళ్లు కాయిల్ వెలిగిస్తుంటే ముందు అది ఆపి దోమతెర కట్టండి. కాయిల్ ఆపడానికి పైసా ఖర్చు లేదు, ఇవాళే చేయొచ్చు.

నేను కెమిస్ట్‌ని. చెక్కపొట్టును, చెక్కనారను జిగురుతో కలిపి నొక్కి పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ తయారుచేసే ఫ్యాక్టరీ క్వాలిటీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. మీ ఇంట్లో బోర్డు మీద వేసిన "ఈ-1" ముద్ర లాంటివాటికి లెక్కలు తీయడమే నా ఉద్యోగం. కాబట్టి ఆ ముద్ర ఏం చెబుతుందో, ఏం చెప్పదో కాస్త వివరంగా రాస్తాను.

బోర్డును 25 మిల్లీమీటర్ల చదరపు ముక్కలుగా కోసి, తూచి, టోలుయీన్ అనే ద్రావకంలో మరిగిస్తాం. లోపల దాగిన ఫార్మాల్డిహైడ్ బయటికొచ్చి నీళ్లలో దిగుతుంది. ఆ నీళ్లలో అసిటైల్ అసిటోన్ కలిపిన ద్రావణం పోస్తే పసుపు రంగు తిరుగుతుంది. పసుపు ఎంత చిక్కగా ఉంటే ఫార్మాల్డిహైడ్ అంత ఎక్కువ. 100 గ్రాముల బోర్డుకు 8 మిల్లీగ్రాములు దాటకపోతే ఈ-1, 8 నుంచి 30 మధ్య ఉంటే ఈ-2. దీన్ని పర్ఫొరేటర్ పద్ధతి అంటారు. ఇంకో పద్ధతిలో బోర్డును మూసిన ఛాంబర్‌లో పెట్టి, ఆ గాలిలో ఎంత చేరిందో చూస్తారు. యూరప్ ప్రమాణం ప్రకారం ఆ ఛాంబర్‌లో 23 డిగ్రీల వేడి, 45 శాతం తేమ ఉంటాయి, గంటకోసారి గాలి పూర్తిగా మారుతుంది, ఒక ఘనమీటరు గాలికి ఒక చదరపు మీటరు బోర్డు ఉంటుంది. అలా ఉంచినప్పుడు గాలిలో ఫార్మాల్డిహైడ్ 0.1 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 0.1 పాలు) దాటకూడదు.

ఇప్పుడు మీ పాప గది సంగతి చూద్దాం. పది బై పదకొండు, ఎత్తు తొమ్మిదిన్నర అనుకుంటే గదిలో గాలి దాదాపు 30 ఘనమీటర్లు. గోడంతా వార్డ్‌రోబ్ అంటే తలుపులకు రెండు వైపులు, పక్కచెక్కలు, అడ్డచెక్కలు, అరలు, వెనక చెక్క, అటక, ఇవన్నీ కలిపితే నా అంచనాలో 40 చదరపు మీటర్లకు తగ్గదు. మంచం, బల్ల దీనికి అదనం. అంటే పరీక్షలో పెట్టిన దానికంటే మీ గదిలోనే బోర్డు ఎక్కువ. పైగా హైదరాబాద్ మే నెలలో 23 డిగ్రీలు ఎక్కడివి? తలుపులు మూసి స్ప్లిట్ ఏసీ వేస్తే చల్లబడేది ఉన్న గాలే, బయటి గాలి లోపలికి రాదు. గంటకోసారి మారాల్సిన గాలి అందులో నాలుగో వంతు మారినా గొప్ప. సన్మైకా అంటించిన ముఖాల నుంచి తక్కువే వస్తుంది కాబట్టి ఈ లెక్కను నేరుగా గుణించకూడదు. కానీ మీవాళ్లు నిజంగానే ఈ-1 బోర్డు వాడి ఉండొచ్చు, అయినా మీ పాప కళ్లు మండొచ్చు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ నన్ను బాధపెట్టింది ఇదే. మేం పరీక్షించింది ఒక్కో బోర్డును, జనం బతికేది గదిలో.

ఎండలు ముదిరాక వాసన ఎందుకు పెరిగిందంటే, ఈ బోర్డుల్లో చెక్కపొట్టును పట్టి ఉంచేది యూరియా, ఫార్మాల్డిహైడ్ కలిపి వండిన జిగురు. చవక, ప్రెస్‌లో త్వరగా గట్టిపడుతుంది, రంగు ఉండదు. అందుకే అందరూ వాడతారు. తయారీలో కలవకుండా మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్ మొదటి నెలల్లో ఎక్కువగా వెళ్లిపోతుంది. కానీ వేడి, తేమ తగిలినప్పుడల్లా ఆ జిగురు కొద్దికొద్దిగా విడిపోయి మళ్లీ విడుదల చేస్తుంది. కాబట్టి నెలలో పోతుందన్న మాట నమ్మకండి. తగ్గుతూ వస్తుంది, ఏడాది రెండేళ్లు పట్టొచ్చు. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లినప్పుడు మళ్లీ కాస్త తెలుస్తుంది.

క్యాన్సర్ సంగతి. మీవారు చదివింది అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి గ్రూపులో చేర్చింది. ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు ఆధారాలు దొరికాయి, తర్వాత ఒక రకం రక్త క్యాన్సర్‌కూ దొరికాయి. అయితే ఆ ఆధారాలు ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల నుంచి, శవాలను ఫార్మలిన్‌తో, అంటే ఫార్మాల్డిహైడ్ ద్రావణంతో, భద్రపరిచే పనివాళ్ల నుంచి వచ్చాయి. ఇళ్ల కోసం 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఘనమీటరు గాలికి 0.1 మిల్లీగ్రాము, అరగంట సగటున. అంటే దాదాపు 0.08 పీపీఎం. కళ్లు, ముక్కు మండకుండా చూసుకోవడానికి పెట్టిన ఈ హద్దే ఊపిరితిత్తులకూ, క్యాన్సర్ విషయంలోనూ రక్షణ ఇస్తుందని అప్పుడే చెప్పారు. కాబట్టి ఇల్లు పీకించే ఆలోచన పక్కనపెట్టి, గాలిని ఆ హద్దు కిందికి దించే పని మొదలుపెట్టండి.

ఆ పని పూర్తయ్యేదాకా పాపను ఆ గదిలో పడుకోబెట్టకండి. మీతోనే మీ గదిలో, లేదా బోర్డు పని తక్కువగా ఉన్న హాల్లో పడుకోబెట్టండి. చిన్నపిల్లలు బరువును బట్టి చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, ఆ మంటకు వాళ్ల శ్వాసనాళాలు త్వరగా ముడుచుకుంటాయి. పగలు ఆ గదిలో వార్డ్‌రోబ్ తలుపులు, సొరుగులు అన్నీ బార్లా తెరిచి, కిటికీ తీసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. గాలి ఆ కిటికీలోంచి వచ్చి ఇల్లు దాటి బయటికి పోవాలి. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే తిప్పితే ఉన్న గాలే గదిలో తిరుగుతుంది. ఎండ వేడికి బోర్డు ఎక్కువ వదులుతుంది కాబట్టి, మనుషులు లేనప్పుడు ఆ వేడి గాలిని బయటికి పంపడమే మేలు.

మొక్కల గురించి నాసా చేసిన 1989 నాటి ప్రయోగం నిజమే, కానీ అది చిన్న మూసిన పెట్టెల్లో జరిగింది. అలాంటి ప్రయోగాలన్నిటినీ 2019లో మళ్లీ లెక్కగట్టి చూస్తే, మామూలు ఇంట్లో గాలి మారే మేరకు మొక్కలు పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం 10, ఒక్కోసారి 1000 దాకా కావాలని తేలింది. మొక్కలు పెంచుకోండి, మనసుకు బాగుంటుంది, కానీ వాటిని నమ్మి కిటికీ మూయొద్దు. ఎయిర్ ప్యూరిఫయర్‌లో ఉండే హెపా ఫిల్టర్ దుమ్మును పడుతుంది, వాయువును పట్టదు. మామూలు యాక్టివేటెడ్ కార్బన్ కూడా ఇంత చిన్న అణువును సరిగా పట్టుకోలేదు. ఓజోన్ వదిలే యంత్రాలు అసలే వద్దు, నిమ్మ వాసన క్లీనర్లతో ఓజోన్ కలిస్తే గదిలోనే కొత్తగా ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. కర్పూరం వాసనను కప్పుతుంది, అంతే. అలా కప్పితే మీ ముక్కు చేసే హెచ్చరిక పోతుంది.

స్రవంతి

ప్రసన్న గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు కృతజ్ఞతలు. కాయిల్ రోజూ వెలిగిస్తున్నాం, ఇవాళ్టి నుంచి లేదు. పాప మంచం మా గదిలోకి మార్చేశాం. ఇంకో సందేహం. బిల్లులో వంటింటికి బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకూ తట్టుకునే) ప్లై అని రాశారు, పిల్లల గదికి "ప్రీ-లామ్ పార్టికల్ బోర్డ్" (ముందే పైపొర అంటించింది) అని ఉంది. మాటల్లో మాత్రం అంతా వాటర్‌ప్రూఫ్ అన్నారు. రెండింటికీ తేడా ఉందా? అరలు పెట్టుకునే చిన్న చిన్న చిల్లులు చాలా ఖాళీగా ఉన్నాయి, అక్కడ ముక్కు పెడితే ఘాటు ఎక్కువగా ఉంది.

జవాబు: వీరబాబు, రాజమండ్రి

అమ్మా నేను కార్పెంటర్‌ని. మీరు ముక్కు పెట్టి చూసిన చోటే అసలు సంగతి ఉంది. బోర్డు పైన కింద సన్మైకా పొర ఉంటుంది, అక్కడ నుంచి పెద్దగా రాదు. కోసిన అంచు, చిల్లు, కీలు కూర్చోబెట్టిన గుంట, వైర్ కోసం కొట్టిన బొక్క, ఇవన్నీ పచ్చిగా ఉంటాయి. కనబడే ముందు అంచుకి మాత్రం ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచు కప్పే పట్టీ, వేస్తారు. గోడ వైపు అంచు, కింద నేల వైపు అంచు, అర వెనక అంచు వదిలేస్తారు, ఎవరు చూస్తారులే అని. డబ్బు తక్కువకి ఒప్పుకున్న పనిలో ఇది మామూలే. మా వర్క్‌షాపులో ఇప్పుడు నాలుగు అంచులకీ బ్యాండ్ వేయకుండా బోర్డు బయటికి పంపం.

మీ ఊళ్లోనే ఒక మనిషిని పిలిచి ఒక రోజు పని చేయించుకోండి. అరలన్నీ బయటికి లాగి, పచ్చిగా ఉన్న ప్రతి అంచుకీ పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ వేయించాలి. వాడని చిల్లులకి ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి, హార్డ్‌వేర్ షాపులో అడగండి. కీళ్ల గుంటల చుట్టూ, వెనక చెక్క కలిసే చోట సిలికాన్ పట్టించండి. వెనక చెక్క ఒక వైపు పచ్చిగా ఉందేమో టార్చి వేసి చూడండి, గోడ చెమ్మ పట్టేది కూడా అక్కడే. పని చేసేటప్పుడు పాప ఇంట్లో లేకుండా చూసుకోండి, రంపం పెడితే పొట్టు లేస్తుంది, అది పీలిస్తే ఇంకా చెడ్డది. నేను ఇరవై ఏళ్లు మాస్కు లేకుండా కోశాను, ఇప్పుడు మా కుర్రాళ్లకి ఇప్పించాను.

ఒక మాట మాత్రం ప్రసన్న మేడమ్‌ని అడగాలి. కొత్త పని వస్తే మేం ఏ బోర్డు చెప్పాలి? కస్టమర్లు వాటర్‌ప్రూఫ్ అంటే చాలు మంచిదే అనుకుంటారు.

జవాబు: కిరణ్, డాలస్

ఇక్కడ అమెరికాలో ఇదే గొడవ కత్రినా తుపాను తర్వాత వచ్చింది. 2005లో ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో (చక్రాల మీది తాత్కాలిక ఇళ్లలో) పిల్లలకు దగ్గు, ముక్కునుంచి రక్తం అని జనం మొత్తుకున్నారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 519 ట్రైలర్లు, మొబైల్ ఇళ్లలో గాలి కొలిచింది. ఫార్మాల్డిహైడ్ సగటు 77 పీపీబీ (అంటే 0.077 పీపీఎం), కొన్నింట్లో 590 పీపీబీ దాకా ఉంది. ఆ కొలత తీసింది డిసెంబర్, జనవరి చలిలో. అందుకే ఎండాకాలం రాకముందే జనాన్ని వేరే చోటికి మార్చమని 2008 ఫిబ్రవరిలో చెప్పారు. మే నెలలో పాపను ఆ గది మార్చమన్న ప్రసన్న గారి సలహాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తర్వాత 2010లో చట్టం వచ్చింది, 2018 నుంచి ఇక్కడ అమ్మే ప్లై, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ మీద, వాటితో చేసిన సామాను మీద ఆ చట్టానికి లోబడి ఉన్నట్టు లేబుల్ ఉండాలి. పార్టికల్ బోర్డుకు హద్దు 0.09 పీపీఎం, ఎండీఎఫ్‌కు 0.11. నేను మా అబ్బాయి ఉయ్యాల మంచం కొనేటప్పుడు అట్టపెట్టె తిప్పి ఆ లేబుల్ చూశాకే కొన్నాను.

జవాబు: ప్రసన్న, విశాఖపట్నం

వీరబాబు గారూ, అంచుల గురించి మీరు చెప్పినంత వివరంగా మా ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు. స్రవంతి గారూ, ఆ పని తప్పక చేయించండి. ఖర్చుకు తగ్గ ఫలితం ఉండేది అక్కడే.

వాటర్‌ప్రూఫ్ అన్నది నీళ్ల గురించి మాట, గాలి గురించి కాదు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లైలో వాడేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. పేరులో ఫార్మాల్డిహైడ్ ఉన్నా ఆ బంధం గట్టిది, నీళ్లకు, వేడికి అంత తేలిగ్గా విడిపోదు, కాబట్టి గాలిలోకి వచ్చేది చాలా తక్కువ. కొద్దిపాటి తేమకే తట్టుకునే మామూలు ఎంఆర్ గ్రేడ్ ప్లై, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ ఎక్కువగా యూరియా జిగురువే. తేమ తట్టుకుంటుందని అమ్మే బోర్డుల జిగురులో మెలమిన్ అనే రసాయనం కలుపుతారు, కొంత నయం, కానీ కాగితం చూడకుండా ఒప్పుకోకండి. పిల్లల గదికి అయితే ఫినాల్ జిగురు ప్లై చెప్పండి వీరబాబు గారూ, లేదా ఇనుప బీరువా. మా ఇంట్లో పిల్లల బట్టలకు ఇప్పటికీ ఇనుప బీరువానే. "ఈ-0" అని అమ్మితే మోసపోకండి, యూరప్ ప్రమాణంలో అలాంటి తరగతి లేదు, ఏ పద్ధతిలో ఎంత వచ్చిందో రాసిన పరీక్ష రిపోర్టు అడగండి.

పరీక్ష విషయం. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటర్లు శానిటైజర్‌కు, సెంటుకు, పాలిష్‌కు కూడా అంకె పెంచేస్తాయి. ఆ అంకె చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు. నిజంగా తెలుసుకోవాలంటే ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ వాళ్లు, ఫార్మాల్డిహైడ్‌ను పట్టుకునే డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన గొట్టంలోకి గదిగాలిని పంపుతో లాగి కొలుస్తారు. రాత్రంతా కిటికీలు మూసి, వార్డ్‌రోబ్ మామూలుగా వాడే తీరులో ఉంచి, పొద్దున్నే తీయించండి. తలుపులన్నీ తెరిచి ఊడ్చి కడిగాక తీయిస్తే డబ్బు దండగ. నా సలహా, ముందు అంచుల పని చేయించి, తర్వాత ఒక్కసారి కొలిపించండి.

డాక్టర్ దగ్గరికి వెళ్తే తణుకు సంగతి తప్పక చెప్పండి. ఇల్లు మారితే దగ్గు తగ్గి, తిరిగొస్తే మొదలవడం ఆయనకు పెద్ద ఆధారం. రక్తంలో ఫార్మాల్డిహైడ్ పరీక్ష అని ఎవరైనా చెప్తే వద్దనండి. మన శరీరం కూడా దాన్ని కొద్దిగా తయారుచేసుకుంటుంది, రక్తంలో నిమిషం రెండు నిమిషాల్లో విరిగిపోతుంది, ఆ అంకెతో ఏమీ తేలదు. పాపకు పిల్లికూతలు వినబడినా, ఊపిరి ఎగబీలుస్తున్నా అదే రోజు చూపించండి, అది ఆస్తమా కావచ్చు, దానికి మందులున్నాయి. ఇంకొకటి, పాపకు కొన్న కొత్త దుప్పట్లు, ముడత పడని బట్టలు ఒకసారి ఉతికాకే వాడండి. ముడత పడకుండా వేసే పూతలోనూ ఇదే ఉంటుంది, ఒక ఉతుకుతో చాలావరకు పోతుంది.

ఇంటీరియర్ వాళ్లను బోర్డు పరీక్ష రిపోర్టు రాతపూర్వకంగా అడగండి, నోటిమాట వద్దు. వచ్చాక కంపెనీ పేరు చెరిపి ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి. ఏ పద్ధతి, ఏ తేదీ, ఏ మందం బోర్డు అన్నది చూసి, అది మీ గదిలో వాడిన బోర్డుదేనా కాదా నేను చెప్తాను.